అంగడి రోజు నీళ్లు

నీళ్లు ముంచినందుకు ఆడమనిషికి జీతం ఇస్తారంటే మా ఊళ్లో ఎవరూ నమ్మలేదు.

"మేం పుట్టినకాన్నుంచి ముంచుతనే ఉన్నం పోశవ్వా, మాకెవడిచ్చిండే జీతం?" అని బోరింగు దగ్గర ఆడవాళ్లు నవ్వారు.

"మీరు ముంచి తాగుతరు, నేను ముంచి అప్పజెప్త. గదే తేడా" అన్నాను. అప్పటికి నాకు తెలిసింది కూడా అంతే.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్త పిల్లలు వస్తున్నారట, వాళ్లకు నాలుగు మాటలు చెప్పమని అడిగారు. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. నా మాటను పుస్తకపు మాటగా సరిచేస్తానంది, సరే అన్నాను. ఎవరు ఎవరితో ఏమన్నారో అది మాత్రం ముట్టుకోవద్దన్నాను. తిట్టు తిట్టులాగే ఉండాలి.

కొలువు సంగతి

కామారెడ్డిలో నీళ్ల పరీక్ష ఆఫీసు ఉండేది. వాగుల్లో, నదిలో నీళ్లు ఎట్లా ఉన్నాయో చూసి పైకి చెప్పడం దాని పని. నా భర్త అక్కడ నీళ్లు ముంచే మనిషి. కామెర్లు వచ్చి పోయాడు. ఆయన పోయాక 2009లో ఆ పని నన్ను చేయమన్నారు. మా ఊరు ఎల్లారెడ్డి దగ్గర, వాగు ఒడ్డున. ఆ వాగు ఏ మలుపులో ఎంత లోతో నాకు తెలుసు కనుక రమ్మన్నారు, అంతే. జాలి పడి పిలిచారని కొందరు అన్నారు. అననీ.

కామారెడ్డిలో పాత బస్టాండు వెనుక ఒక గది కిరాయికి తీసుకుని ఉన్నాను. సీసాలు కడగాలి, ఆరబెట్టాలి, ఐసు పెట్టె సర్దాలి. నెలకోసారి జీపులో ఎల్లారెడ్డి వైపు వెళ్లి, వంతెన మీద నుంచి బకెట్టుకు తాడు కట్టి దించి, నీళ్లు తీసి సీసాల్లో నింపాలి. పెద్ద సీసా ఐసులో పెట్టి కామారెడ్డి తేవాలి. చిన్న సీసాకు అక్కడికక్కడే పరీక్ష.

మా సారు పేరు దామోదర్. నేను మొదటిసారి వాగుకు వెళ్లిన రోజు ఇసుకలో పుల్లతో గీత గీసి చూపించాడు.

"ఇది మన వాగు. నిజాంసాగర్ల కలుస్తది. అక్కడికెళ్లి మంజీర. మంజీర పోయి గోదాట్ల కలుస్తది, గోదారి సముద్రంల. ఆ సముద్రం ఒక్కలది కాదు పోశవ్వా. ఒడ్డు మీద ఎన్నో దేశాలున్నయి. ఎవరి వాగు ఏం మోసుకొచ్చి పోసిందో, ఎవరి వాటా మందం వాళ్లు చెప్పాలె. మన మందం మనం చెప్తున్నం."

"అంటే ఉమ్మడి బాయి లెక్క."

"గంతే."

"మరి సముద్రం దాంక పోయేలోపట ఈ నీళ్లు ఎవ్వని కడుపుల పడ్తయో గది ఎవరు జెప్తరు సారూ?"

సారు పుల్ల పారేసి నవ్వాడు. "గది గూడ మనమే" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. సముద్రం నేను ఇప్పటికీ చూడలేదు. చూడని సముద్రం కోసం అన్నేళ్లు పనిచేశానంటే నాకే నవ్వొస్తుంది. కానీ చూసే వాగు కోసం కూడా చేశాను కదా.

ఊపిరి సీసా

పిల్లలూ, మీకు కాలేజీలో చాలా చెప్పి ఉంటారు. నేను చేతిపని చెబుతాను.

సీసాను ఇంట్లో ఎంత తోమినా, ముంచేముందు ఆ వాగు నీళ్లతోనే తొలిపి పారబోయాలి. పారే నీళ్లకు సీసా మూతి ఎదురు పట్టాలి. మీ కాళ్లు దిగువన ఉండాలి, లేకపోతే మీ కాళ్ల బురదే సీసాలోకి వస్తుంది. గాజు బిరడా ఉన్న చిన్న సీసా ఉంటుంది చూడండి, దాన్ని మాత్రం పసిబిడ్డకు పాలు పట్టినట్టు నింపాలి. గలగల చప్పుడు రాకూడదు. బిరడా పెట్టాక సీసా తిప్పి చూస్తే లోపల ఒక్క బుడగ కూడా కనిపించకూడదు. బుడగ ఉంటే పారబోసి మళ్లీ ముంచాలి. బయటి గాలి లోపలికి పోతే, నీళ్లలో అసలు ఎంత ఊపిరి ఉందో తెలియదు.

నీళ్లకు ఊపిరేమిటి అని నేనూ అడిగాను. చేప పీల్చేది అదేనట. ఆ సీసాలో సారు రెండు మందులు పోస్తాడు. చేతికి తగిలితే చర్మం మండుతుంది, జాగ్రత్త. బిరడా బిగించి తలకిందులు చేసి తిప్పితే లోపల మడ్డి పుడుతుంది. నీళ్లలో ఊపిరి ఉంటే మడ్డి బెల్లపు రంగులో దిగుతుంది. ఊపిరి లేకపోతే సున్నంలాగా తెల్లగా ఉంటుంది. తక్కిన లెక్కలన్నీ ఆఫీసులో చేస్తారు, అవి నాకు తెలియవు. ఈ రంగు మాత్రం చదువు రాకపోయినా కనబడుతుంది. అందుకే నాకు ఆ సీసా అంటే ఇష్టం.

దామోదర్ సారు కంటే ముందు ఒక సారు ఉండేవాడట. ఎండకు ఓర్వలేక, రెండు చోట్ల ముంచాల్సింది ఒకే చోట ముంచి, రెండు సీసాల మీద రెండు చీటీలు అంటించేవాడట. మా ఆయన ఇంటికి వచ్చి చెప్పి నవ్వేవాడు. నాకప్పుడు అది నవ్వులాటే. ఎక్కడి నీళ్లు, ఎప్పటి నీళ్లు అన్నదే ఈ పనిలో అసలు సంగతి అని తర్వాత తెలిసింది. దొంగతనం చేయని మంచి సారు కింద పనిచేస్తూనే తెలిసింది. అది చెప్పడానికే ఇదంతా.

సారు సంచి

దామోదర్ సారుకు రెండు పిచ్చులు. ఒకటి సీసాలో బుడగ ఉండకూడదు. రెండోది ఎల్లారెడ్డి అంగడి, వారానికోసారి కూడే సంత.

కామారెడ్డిలో కూరగాయలకు రుచి లేదంటాడు. నాటుకోడి అంటే ఎల్లారెడ్డి అంగడిలోనే కొనాలంటాడు. అందుకని మా జీపు ఎప్పుడు బయలుదేరినా అంగడి రోజే. పొద్దున వాగు పని అయిపోతుంది, మధ్యాహ్నం అంగడి, సాయంత్రానికి కామారెడ్డి. నెలలో ఏ వారమైనా కావచ్చు, రోజు మాత్రం మారదు. నేను చేరకముందు నుంచే అది అట్లా నడుస్తోంది.

తిరుగు ప్రయాణంలో ఐసు పెట్టె పక్కన బీరకాయలు, కాళ్లు కట్టిన కోడి. ఒకసారి డ్రైవరు ఖాసిం భాయ్ టమాటలు వాడిపోతున్నాయని రెండు ఐసు పెట్టెలో పెట్టబోతే సారు అరిచాడు.

"ఖాసిం! అది గవర్నమెంటు ఐసు!"

"సార్, నీళ్లు చల్లగుంటయి, టమాటలు చల్లగుంటయి. ఎవలికి నష్టం?"

"సీసాకు టమాట వాసన తగిలితే?"

"మూత ఉన్నది గద సార్."

"దియ్యి ముందు!"

అంత నిక్కచ్చి మనిషి. పైసా తినడు, నీళ్లు మార్చడు. మా వంతెన నీళ్లు ప్రతిసారీ బాగున్నట్టే వచ్చేవి. సీసాలో బెల్లపు రంగు. పై ఆఫీసు వాళ్లు కూడా సంతోషపడ్డారట, ఈ వాగు మంచి వాగు అని. మా ఊరి వాగు కనుక నేనూ గర్వపడ్డాను.

చేపలు తేలిన పొద్దు

ఒక ఎండాకాలం, యాసంగి వడ్లు మిల్లులకు వచ్చే రోజులు. వాగు సన్నబడింది. మా ఊరి దగ్గర, వంతెనకు దిగువన, కట్ట కట్టి ఆపిన మడుగు ఉంది. చేపల సంఘం వాళ్లు అందులో చేపపిల్లల్ని వదిలి పెంచుతారు. ఒక పొద్దున లేచి చూస్తే మడుగు నిండా తెల్లటి కడుపులు. రవ్వలు, బొచ్చెలు, అన్నీ తేలి ఉన్నాయి. సంఘంలో ఉన్న ఇళ్లన్నింటికీ ఏడాది తిండి అది.

నేను కామారెడ్డిలో ఉన్నాను. నాకు కబురు వచ్చేసరికి చేపల్ని పూడ్చేశారు, నేరం మా మరిది మీద పెట్టేశారు.

మా మరిది సాయిలు, నా భర్త తమ్ముడు. నోరు ఆగదు. అంతకుముందే పంపకం దగ్గర సంఘం పెద్ద భూమయ్యతో గొడవపడి, "మీ చేపలు ఎట్ల బతుకుతయో జూస్త" అని పదిమందిలో అన్నాడు. చేపలు చచ్చాక వాడి ఇంట్లో వెతికితే పురుగుమందు డబ్బా దొరికింది. ఖాళీ డబ్బానే. వలకు తేలుడు కోసం కట్టుకునే డబ్బా. మా దగ్గర చాలామంది ఖాళీ డబ్బాలు కడిగి వలలకు కట్టుకుంటారు. కానీ కోపంలో ఉన్నవాళ్లకు అది ఎందుకు కనబడుతుంది?

పెద్దలు కూర్చున్నారు. నేను కూడా వెళ్లాను. భూమయ్య నాకు బావ వరస. మంచి మనిషే, కానీ పట్టిన పట్టు వదలడు.

"నేను మందు గొట్టలే అన్నా! కన్నబిడ్డల మీద ఒట్టు!" అని సాయిలు మొత్తుకున్నాడు.

"మరి చేపలు ఉరివెట్టుకోని సచ్చినయా?"

"నాకేం ఎరుక! నీళ్లు పాడైనయేమో!"

"నీళ్లు పాడైతే పోశవ్వోళ్ల ఆఫీసోళ్లకు తెల్వదా? ఎన్నేండ్ల సంది వట్టుకపోతున్నరు! ఏమే పోశవ్వా, జీపు ఎప్పుడొస్తది?"

"వచ్చే అంగడికి వస్తది."

"గా దినం సూద్దాం. నీళ్లు పాడున్నయంటే వీని తప్పు లేదు. నీళ్లు మంచిగున్నయంటే మందు గొట్టినట్టే. సంఘంలకెళ్లి పేరు తీసేస్తం, వల తాడు ముట్టనియ్యం."

న్యాయమే అనిపించింది నాకు. ఇంకేం కావాలి, నీళ్లే చెబుతాయి అనుకున్నాను.

అంగడి రోజు వచ్చింది. జీపు వచ్చింది. వంతెన మీద భూమయ్య, ఇంకో నలుగురు, కొంచెం దూరంగా సాయిలు. నేను బకెట్టు దించాను. సీసా నింపాను, బుడగ లేకుండా. సారు మందులు పోశాడు, తిప్పాడు. బెల్లపు రంగు.

"ఏమన్నట్టే?" అన్నాడు భూమయ్య.

నేను సారు వైపు చూశాను. సారే చెప్పాడు, "నీళ్లు మంచిగనే ఉన్నయి" అని. వాళ్ల తగువు సంగతి ఆయనకు అప్పటికి తెలియదు.

భూమయ్య సాయిలు వైపు తిరిగి చూశాడంతే, తిట్టలేదు. "పున్నమి ఎల్లినంక కూసుంటం. ఆనాడు పేరు తీసేస్తం" అని వంతెన దిగిపోయాడు.

సాయిలు నా దగ్గరికి వచ్చాడు. వాడి ముఖంలో కోపం కూడా లేదు.

"వదినె, నీ సీస గూడ నన్నే పట్టిచ్చింది గదనే."

"సీస అబద్దం జెప్పదు సాయిలూ."

"అయితే నేను జెప్తున్ననా?"

ఏమనాలి? ఇటు వాడు అబద్ధమాడే మనిషి కాదు, అటు సీసా అబద్ధమాడదు. పేరు తీసేస్తే పెళ్లాం పిల్లల్ని తీసుకుని చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర పోతానన్నాడు. వాడికి వల తప్ప ఇంకో పని రాదు. కొడవలి కూడా సరిగ్గా పట్టలేడు.

అంగడిలో రాజవ్వ

ఆ మధ్యాహ్నం అంగడికి వెళ్లబుద్ధి కాలేదు. కానీ సంచి మోసేది నేనే కదా, వెళ్లాను. సారు బీరకాయల దగ్గర కూర్చుని ఒక్కొక్కటి గోరుతో గిల్లి చూస్తున్నాడు. నేను పక్కకు నిలబడ్డాను. అక్కడ మిరపకాయ బజ్జీల బండి దగ్గర రాజవ్వ కనబడింది. వంతెనకు ఎగువన ఉప్పుడు బియ్యం మిల్లు ఉంది. వడ్లను వేడినీళ్లలో నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి ఆడించే మిల్లు. రాజవ్వ అక్కడ వడ్లు ఎండలో పరిచే కూలీ.

"ఏమే, మూతి గట్ల వెట్టినవ్? బజ్జి దింటవా?" అంది.

"వద్దే. నువ్వేంది, ఇయ్యాల పనికి పోలేదా?"

"ఇయ్యాల అంగడి గదనే! మిల్లు బంద్."

"అంగడైతే మిల్లెందుకు బంద్?"

"హమాలోళ్లు వస్తెనా? సేటు ఎంత మొత్తుకున్నా అంగడి నాడు ఒక్కడు బస్త లేపడు. ముందునాడే ఆఖరి వడ్లు దించి బాయిలరు సల్లార్పుతరు. ఎప్పటికెళ్లో గదే నడుస్తున్నది."

"మరి నీళ్లు? నానవెట్టిన నీళ్లు ఇడుస్తరు గద?"

"వడ్లే నానకపోతె నీళ్లెక్కడియే పిచ్చిదానా? తక్కిన రోజులైతే కోడికూతకే కాల్వల ఇడుస్తం. గా వాసనకు అన్నం దినబుద్ది గాదు."

బజ్జీ నా చేతిలో పెట్టింది. నేను దాన్ని పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ముందు రోజు వదిలిన నీళ్లు మేము వచ్చేసరికి వంతెన దాటి దిగువకు పోయి ఉంటాయి. అవి పోయి నిలిచేది ఎక్కడ? మా మడుగులో.

వెళ్లి సారు పక్కన కూర్చున్నాను.

"సారూ, మనం ఎప్పుడొచ్చినా అంగడి నాడే వస్తం గద."

"అవును. ఈ బీరకాయ లేత ఉన్నదా జూడు."

"అంగడి నాడు మిల్లు బందుంటదట సారూ. నీళ్లు ఇడ్వరట."

సారు చేయి ఆగింది. ఆయనకు విడమర్చి చెప్పే పని పడలేదు. చూస్తుండగానే ముఖం తెల్లబోయింది. బీరకాయను మెల్లగా కుప్ప మీద పెట్టేశాడు. అమ్మే ఆమె, "ఏంది సారూ, ముదురా?" అంది. వినలేదు.

"మిల్లు నడిచే నాడు ఒక్క సీస గూడ ముంచలేదు మనం" అన్నాడు. నా చేతిలోని సంచి వైపు చూసి, "ఇన్నేండ్లు అంగడి రోజు నీళ్లనే వాగు నీళ్లని చెప్పిన పోశవ్వా. నా కూరగాయల సంచి కోసం" అన్నాడు.

వెనుక నుంచి ఖాసిం భాయ్ అన్నాడు, "నేను ఎప్పుడో అనుకున్న సార్. మనం వచ్చినప్పుడు మిల్లు పొగ కనవడదేంది అని."

"అనుకుంటే చెప్పద్దా?"

"మీరడగలే సార్."

అప్పుడు సాయిలు సంగతంతా సారుకు చెప్పాను. విన్నాడు. ఆ రోజు ఖాళీ సంచితో కామారెడ్డి వచ్చాం. జీపులో కోడి లేకపోతే ఇంత నిశ్శబ్దంగా ఉంటుందా అనిపించింది.

బస్సులో ఐసు పెట్టె

పై అధికారిని జీపు అడిగితే, నెలకు ఒక్కసారే, అయిపోయింది కదా అన్నాడు. అధికారుల్లో చెడ్డవాళ్లు తక్కువ, కదలనివాళ్లు ఎక్కువ. మీకూ తగులుతారు. వాళ్ల మీద కోపం పెట్టుకుని కూర్చుంటే పని కాదు. దామోదర్ సారు సెలవు పెట్టాడు. ఇద్దరం ఐసు పెట్టె పట్టుకుని ఎల్లారెడ్డి బస్సు ఎక్కాం. పున్నమి ఇంకా రాలేదు.

"ఏందమ్మా పెట్టెల? చేపలా?" అన్నాడు కండక్టరు.

"ఖాళీ సీసలు."

"కల్లుకా?"

"వాగు నీళ్లకు."

"నీ అవ్వ, నీళ్లకు గూడ ఐసా!" అని బస్సంతా వినబడేట్టు నవ్వాడు.

భూమయ్యను, సాయిలును వంతెన దగ్గరికి రమ్మని ముందే కబురు పంపాను. ఇంకో పదిమంది కూడా వచ్చారు. మిల్లు చిమ్నీ నుంచి పొగ లేస్తోంది. అన్నేళ్లలో ఆ పొగను నేను వంతెన మీద నుంచి చూడటం అదే మొదలు.

భూమయ్య మొదటి మాటే గుచ్చుతూ అన్నాడు. "అంగడి నాడు మంచిగున్న నీళ్లు ఇయ్యాల పాడయితయా? మరిది కోసం సీసల ఏమన్న కలుపుతవా పోశవ్వా?"

నాకు ఒళ్లు మండింది. "కలిపేదాన్నయితే గానాడే కలుపుదును గద బావా! గంత తెల్వదా?"

సారు మధ్యలోకి వచ్చాడు. "పెద్దన్నా, ఆమె ముట్టదు, నేను ముట్ట. నువ్వే ముంచు. ముందు మిల్లుకు ఎగువన, తర్వాత దిగువన. మందులు మాత్రం నేను పోస్త, చెయ్యి కాలుతది."

భూమయ్య పంచె ఎగగట్టి మిల్లు కాల్వ కంటే ఎగువన దిగాడు. మొదటి సీసాలో బుడగ వచ్చింది. "పారబొయ్యి, మల్ల ముంచు" అన్నాను. రెండోసారీ బుడగే. "గింత సీసకు గింత కథనా!" అని విసుక్కున్నాడు. సాయిలు ఒడ్డు మీద నుంచి ఆగలేక, "మెల్లగ ముంచు అన్నా, బుడబుడ అనొద్దు" అన్నాడు. "నువ్వు మూస్కో" అన్నాడు భూమయ్య. అయినా మూడోసారి మెల్లగా ముంచాడు.

సారు మందులు పోసి, బిరడా పెట్టి, సీసాను భూమయ్య చేతికే ఇచ్చి తిప్పమన్నాడు. బెల్లపు రంగు దిగింది.

"మంచి నీళ్లు" అన్నాడు సారు. "ఇప్పుడు దిగువకు నడువుండ్రి."

మిల్లు కాల్వ వాగులో కలిసే చోటు దాటి వంతెన కిందికి వెళ్లాం. నీళ్లు కొంచెం నల్లగా ఉన్నాయి. భూమయ్య ఈసారి మొదటిసారికే బుడగ లేకుండా నింపాడు. సారు మందులు పోశాడు. భూమయ్య సీసా తిప్పాడు. అందరూ మెడలు సాచి చూశారు.

తెలుపు. కలిపిన సున్నంలాగా తెల్లటి మడ్డి.

"రంగు రాదేంది?" అని భూమయ్య మళ్లీ తిప్పాడు. సీసాను ఎండకు ఎత్తి పట్టి చూశాడు.

"రాదు పెద్దన్నా" అన్నాడు సారు. "రంగు తెచ్చేది నీళ్లల ఉన్న ఊపిరే. నానిన వడ్ల నీళ్లు మురుగుతుంటే ఆ ఊపిరిని తినేస్తయి. పురుగుమందు కొడితే చేప చస్తది గని, పారే నీళ్ల ఊపిరి గిట్ల పోదు. వాగు నిండుగ పారితె కొట్టుకపోతయి, సన్నవడ్డదంటే ఈ నీళ్లే పోయి మీ మడుగుల నిలుస్తయి. చేప ఏం పీల్చుకుంటది?"

భూమయ్య వంగి దోసిట్లో నీళ్లు తీసి వాసన చూశాడు.

"కుడితి" అన్నాడు. "పులిసిన కుడితి వాసన. చేపలు తేలిన్నాడు గూడ గిదే వాసన. ఎండకాలం బురద వాసన అనుకున్న నేను."

వెనుక నుంచి ఎవరో, "మరి సాయిలు ఇంట్ల డబ్బ?" అన్నారు.

భూమయ్య సర్రున తిరిగాడు. "డబ్బలు నా వలకు గూడ ఉన్నయి, నీ వలకు గూడ ఉన్నయి! ఇప్పుడు యాదికొచ్చిందారా?"

సాయిలు ఒడ్డు మీద చతికిలబడ్డాడు. నా గుండె మీద నుంచి బండ దిగినట్టయింది. సీసా అబద్ధం చెప్పలేదు, మరిదీ చెప్పలేదు. ఇద్దరూ నిజమే చెబుతుంటే నడుమ అంగడి అడ్డం పడింది. ఎన్ని రోజులైందో నేను అంత పొడుగ్గా ఊపిరి తీసుకుని.

సారు చేసిన పని

ఆ తెల్ల సీసా కంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది, పిల్లలూ. కామారెడ్డి వెళ్లాక సారు మిల్లు సంగతి ఒక్కటే చెప్పి ఊరుకోవచ్చు. శభాష్ అనేవాళ్లు. కానీ ఆయన, ఇన్నేళ్లూ తాము చెప్పినవన్నీ అంగడి రోజు నీళ్లేనని, వాగు మంచిదన్న మాట నమ్మవద్దని పైవాళ్లకు తానే చెప్పాడు. బాగా చీవాట్లు పడ్డాయి. నీ సంచి మూలంగా ఆఫీసు పరువు పోయిందన్నారట.

"ఎందుకు జెప్పిన్రు సారూ? ఎవలడిగిన్రు?" అన్నాను.

"సముద్రం కాడ కూసున్నోనికి మనం పంపిన మాట ఒక్కటే తెలుస్తది పోశవ్వా. వాగును వాడు చూడడు గద" అన్నాడు.

నేను కొలువులో నేర్చింది ఏమన్నా ఉంటే అదే. దొంగ లెక్క రాసేవాడిని పట్టుకోవచ్చు. నిజాయితీగా, ఒక్క బుడగ లేకుండా, తప్పు రోజున ముంచేవాడిని ఎవరూ పట్టుకోలేరు. వాడిని వాడే పట్టుకోవాలి. మీ జీపు ఎప్పుడూ ఒకే రోజు వెళ్తుంటే, ఎందుకని అడగండి. డ్రైవరును కూడా అడగండి. అడగకపోతే చెప్పడు.

మిల్లు మూతపడలేదు. మూతపడాలని నేనూ కోరుకోలేదు. రాజవ్వ ఎక్కడ బతుకుతుంది? నోటీసు వచ్చాక గుంతలు తవ్వి నీళ్లు అందులో నిలబెట్టి, వాసన విరిగాక వదలడం మొదలుపెట్టారు. సేటు ఒకటి రెండుసార్లు ఎగ్గొట్టబోయాడు. మేము ఏ రోజు వస్తామో తెలియకపోయేసరికి దారికొచ్చాడు. సారు అంగడికి మళ్లీ వెళ్లాడు, సొంతంగా, బస్సులో, ఆదివారం సినిమాకు పోయినట్టు తయారై. బీరకాయలు మానేసే మనిషి కాదు.

తాడు కొస

వానలు పడ్డాయి, వాగు నిండింది, సంఘం వాళ్లు మళ్లీ చేపపిల్లల్ని వదిలారు. మా దగ్గర మడుగులో ఏడాదికి మొదటి వల అందరూ కలిసి లాగుతారు. గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి, పెద్ద వలను మడుగుకు అడ్డంగా పరిచి, తాడు ఆ ఒడ్డున కొందరు, ఈ ఒడ్డున కొందరు పడతారు. తాడు కొస ఎవరి చేతికి ఇస్తే వాళ్లు సంఘం మనిషి. ఇవ్వకపోతే కాదు. పేరు తీసేయడం అంటే అదే.

పున్నమి తర్వాత పెద్దలు కూర్చోనే లేదు. సాయిలు పేరు ఎవరూ తీయలేదు. కానీ క్షమించమని కూడా ఎవరూ అనలేదు. మా వాళ్లకు ఆ మాట నోట రాదు. అందుకే సాయిలుకు తెలియదు, తాను లోపలున్నాడో బయటున్నాడో.

మొదటి వల రోజు నేను కూడా ఉన్నాను. సారు, నేను మడుగు నీళ్లు చూడటానికి వచ్చాం. అంగడి రోజు కాదు. సాయిలు అందరికీ దూరంగా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వల పరిచారు. మనుషులు తాడు వెంట వరసగా నిలబడ్డారు. నేను మోకాలి లోతులో సీసా పట్టుకుని ఉన్నాను, కళ్లు మాత్రం ఒడ్డు మీదే.

భూమయ్య తాడు కొస చేతికి చుట్టుకుని అటూ ఇటూ చూశాడు. చుట్టు విప్పాడు. తడి తాడును విసిరితే సాయిలు రొమ్ముకు తగిలి కింద పడింది.

"పట్టవేందిర! పెండ్లికొడుకు లెక్క నిలవడ్డవ్!"

"ఇస్తె గద పట్టేది!"

"ఇయ్యక ఏం జేసిన? ఇంగ నోరు మూసి గుంజు!"

సాయిలు వంగి తాడు తీసుకున్నాడు. రెండు చుట్లు చేతికి చుట్టుకుని, కళ్లు తుడుచుకోవడానికి ఇంకో చేయి ఖాళీ లేక, భుజానికి ముఖం రుద్దుకున్నాడు. "హైలెస్స" అని ఎవరో అందుకున్నారు. వల కదిలింది.

ఒడ్డు మీద నుంచి సారు కేకేశాడు, "పోశవ్వా! సీస నిండిందా?"

చూసుకున్నాను. లోపల ఇంత బుడగ.

"లేదు సారూ" అన్నాను. "పారబోసి మల్ల ముంచుత."